కండ్లకద్దుకున్న బంతి

బ్యాటు అంచుకు బంతి తగిలిన చప్పుడు సునీల్ చెవిన పడింది. తగిలింది, అందులో అనుమానం లేదు. అనుమానమంతా ఆ తర్వాతి అర సెకను గురించే.

అబుధాబిలో ఇండియాకూ ఒమాన్‌కూ ఇరవై ఓవర్ల మ్యాచ్. ఒమాన్ గెలవడానికి రెండు ఓవర్లలో పదిహేను పరుగులు కావాలి. ఆ జట్టు ఇండియాను ఓడిస్తే క్రికెట్ ఆడే ప్రతి దేశంలోనూ చెప్పుకుంటారు. అరవై పరుగులు దాటిన సునీల్ క్రీజులో ఉన్నంతసేపూ అది జరిగే పనే. బౌలర్ వేగం తగ్గించి వేసిన బంతి అంచు తీసుకుని కిందికి జారింది. వికెట్ల వెనక కీపర్ ముందుకు దూకాడు. గ్లవ్స్, బంతి, గడ్డి మూడూ ఒకేచోట కలిశాయి. కీపర్ బంతిని పైకెత్తి అప్పీల్ చేశాడు.

బౌలర్ అడ్డం రావడంతో అంపైర్‌కు ఏమీ కనపడలేదు. అతను రెండో అంపైర్ వైపు నడవబోయాడు. ఇద్దరూ మాట్లాడుకుని టీవీ అంపైర్‌ను అడుగుతారు. పద్ధతి అదే. సునీల్ నిలబడితే చాలు.

సునీల్ నిలబడలేదు. కీపర్ వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"కండ్లకద్దుకుంటవారా?"

కీపర్ రిత్విక్ అతని ముఖంలోకి ఓ క్షణం చూశాడు. తర్వాత బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని కుడి కంటికీ ఎడమ కంటికీ అద్దుకున్నాడు.

"అద్దుకున్న. ఇగ నడువు."

సునీల్ బ్యాటు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. బ్యాటర్ తనంతట తనే వెళ్లిపోతుంటే ఇంక అడగడానికేముంది? అంపైర్ వేలెత్తాడు.

కామెంటరీ బాక్సులో కూర్చున్నవాళ్లు మురిసిపోయారు. ఈ కాలంలో కూడా ఇలా నిజాయితీగా వెళ్లిపోయే బ్యాటర్లు ఉన్నారా అన్నారు. బంతికి మొక్కిన కీపర్‌ను చూసి ఆట మీద ఎంత భక్తి అన్నారు. కొత్త బ్యాటర్ వచ్చాడు, ఇంకో బంతి పడిపోయింది. అప్పుడు గానీ పక్కవైపు కెమెరా తీసిన దృశ్యం తెర మీదికి రాలేదు. బంతి గ్లవ్స్ కంటే ముందు గడ్డిని తాకింది. జానెడు ముందు. చిన్నపిల్లవాడికైనా తెలిసేంత స్పష్టంగా.

ఇంకో బంతి పడ్డాక బ్యాటర్‌ను వెనక్కి పిలవడానికి రూల్స్ ఒప్పుకోవు. ఒమాన్ నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయింది.

* * *

ఆ ప్రశ్నకూ ఆ జవాబుకూ అర్థం తెలిసినవాళ్లు ప్రపంచంలో ఒకే ఊళ్లో ఉన్నారు. ఆ ఊరు కొల్లాపూర్ నుంచి కృష్ణా నది వైపు పోయే తోవలో ఉంటుంది. పేరు ఎర్రగట్టు. సునీల్‌దీ రిత్విక్‌దీ అదే ఊరు.

ఎర్రగట్టులో మూతపడ్డ పల్లీనూనె మిల్లు వెనక ఖాళీ జాగా ఉంది. మిల్లు గ్రౌండ్ అంటారు. ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్లన్నీ టెన్నిస్ బంతి టోర్నమెంటుకు అక్కడికే వస్తాయి. బయటి అంపైర్లు దొరకరు కాబట్టి బ్యాటింగ్ జట్టువాళ్లే అంపైరింగ్ చేస్తారు. తనవాణ్ణి ఔటిచ్చే అంపైర్ ఏ ఊళ్లోనూ పుట్టడు. ఒక ఏడాది క్యాచ్ దగ్గర మొదలైన గొడవ వికెట్ పీకి తల పగలగొట్టేదాకా పోయింది. మిల్లుకు వాచ్‌మన్‌గా ఉండి, మిల్లు మూతపడ్డాక గ్రౌండునే కనిపెట్టుకుని ఉండే మైసయ్య అప్పుడు ఒక రూల్ పెట్టాడు. క్యాచ్ మీద పేచీ వస్తే, పట్టినవాడు బంతిని కళ్లకద్దుకోవాలి. అద్దుకుంటే కొట్టినవాడు నోరెత్తకుండా వెళ్లిపోవాలి. అద్దుకోకపోతే నాటౌట్. అంపైర్‌తో పని లేదు.

కింద పడ్డ మెతుకును, కాలు తగిలిన పుస్తకాన్ని, పొద్దున చేతిలోకి తీసుకునే పనిముట్టును కళ్లకద్దుకునే మనుషులు వాళ్లు. అబద్ధానికి అద్దుకోవడానికి చేతులు లేవవు. గుడికి పోయేవాళ్లూ చర్చికి పోయేవాళ్లూ కలిసి ఆడతారు కదా, ఎవరి మీద ఒట్టు పెట్టాలని కొందరు అడిగారు. కండ్లయితే అందరికీ ఉన్నయి కదరా అన్నాడు మైసయ్య. అప్పటి నుంచి మిల్లు గ్రౌండులో వికెట్లు పీకింది లేదు.

ఆ రూల్‌కు పేరు తెచ్చినవాడు రిత్విక్కే. పెంట్లవెల్లి జట్టుతో ఫైనల్లో ఆఖరి క్యాచ్ అతనే పట్టాడు. ఊరంతా గ్రౌండులోకి ఉరికింది. పెంట్లవెల్లి బ్యాటర్ కదలకుండా నిలబడి, అద్దుకో అన్నాడు. రిత్విక్ బంతిని చేతిలో తిప్పి తిప్పి చూసి కింద పెట్టేశాడు. పడ్డదన్నా అన్నాడు. ఎర్రగట్టు ఓడిపోయింది. ఓడిన జట్టు కీపర్‌ను మైసయ్య భుజాల మీద ఎక్కించుకుని గ్రౌండంతా తిప్పాడు. జారకుండా ఒక కాలు పట్టుకున్నది సునీల్.

తర్వాత దారులు విడిపోయాయి. రిత్విక్ తండ్రి నర్సింహకు మామిడితోటలున్నాయి. కొడుకును హైదరాబాద్‌లో పెద్ద కోచింగ్‌లో పెట్టాడు. సునీల్ తండ్రి పెద్దులు ఆ తోటల్లోనే కాయ తెంపి, కావలి కాసేవాడు. సునీల్ మస్కట్ పోయి ఒక సిమెంటు కంపెనీలో స్టోర్ కీపర్ అయ్యాడు. కంపెనీ జట్టులో ఆడాడు, కొట్టాడు, అక్కడ ఉండాల్సినన్నాళ్లు ఉన్నాక ఆ దేశం జట్టులోకే వెళ్లాడు. రిత్విక్ ఇండియాకు కీపర్ అయ్యాడు. ఇద్దరూ ఎదురుపడే రోజు వస్తుందని ఊరు అనుకోలేదు. వచ్చింది.

మ్యాచ్ ముందురోజు హోటల్లో కలిశారు. ఎర్రగట్టు నుంచి సునీల్ తల్లి సైదమ్మ పంపిన మామిడికాయ తొక్కు రిత్విక్కే తెచ్చాడు. సీసాకు పాత చీర పేలిక చుట్టి, పైన పేపరు కట్టి ఉంది. లాబీలో చేతికిచ్చి, మూత గట్టిగ పెట్టుకో, కారుతదని చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మ్యాచ్‌లో మాత్రం రిత్విక్ నోరు ఆగలేదు. సునీల్ వచ్చీరాగానే, గోదాముకు తాళం వేసి వచ్చినవా అని మొదలుపెట్టాడు. సునీల్ నవ్వాడు. ఒక ఫోర్ పోయాక, సిమెంటు బస్తాలు మోసి బాగనే బలిసినవ్ అన్నాడు. సునీల్ దానికీ నవ్వాడు. సిక్సర్ పడ్డాక వికెట్ల మీదికి వంగి, మెల్లగా, తీరిగ్గా అన్నాడు.

"మీ నాయిన మా తోటల కాయ తెంపుతడు. నువ్వు ఈడ సిక్సర్లు తెంపుతవారా? దిగమంటే దిగాలె, చెట్టు మాది."

సునీల్ నవ్వలేదు. తర్వాతి బంతిని కూడా బౌండరీ దాటించాడు. ఈ మాటలన్నీ వికెట్ల దగ్గరి మైకులో పడ్డాయి. తెలుగు చానళ్లు వాటిని సరదా ముచ్చట్లుగా రోజంతా వినిపించాయి.

* * *

సునీల్‌ను మెచ్చుకున్నవాళ్లే తెల్లారేసరికి అతని మీద వేలెత్తారు. రివ్యూ చేతిలో ఉంది. అంపైర్ ఔటివ్వనేలేదు. గెలిచే మ్యాచ్. అలాంటప్పుడు ఎవడైనా తనంతట తాను వెళ్లిపోతాడా? ఎంతకు అమ్ముడుపోయాడు?

ఆటలో అవినీతిని కనిపెట్టే నిఘా విభాగం సునీల్‌ను పిలిచింది. వాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి. ఇద్దరిదీ ఒకే ఊరు. ఒకరి తండ్రి ఇంకొకరి తండ్రి దగ్గర పనిచేస్తాడు. ముందురోజు హోటల్ లాబీలో కీపర్ చేతి నుంచి బ్యాటర్ చేతికి పేపరు చుట్టిన పొట్లం మారింది. కెమెరాలో ఉంది. క్యాచ్ తర్వాత ఇద్దరూ తమ భాషలో రెండు ముక్కలు మాట్లాడుకున్నారు, బ్యాటర్ వెళ్లిపోయాడు. మైకులో ఉంది.

పొట్లంలో తొక్కు ఉందని సునీల్ చెప్పాడు. సీసా ఎక్కడ అని అడిగారు. జట్టంతా రెండు పూటల్లో తినేసింది, సీసా పారేశాడు. మిల్లు గ్రౌండు రూల్ గురించి చెప్పాడు. అధికారి మర్యాదగా విన్నాడు. ఆ ఆచారం ఉందని చెప్పే సాక్షిని తీసుకురమ్మన్నాడు. అప్పటిదాకా సస్పెన్షన్ అన్నాడు.

రిత్విక్‌ను కూడా అడిగారు. బంతి పట్టాననే అనుకున్నానని, కళ్లకద్దుకోవడం బంతి మీద భక్తితో చేసే పని అని అతను చెప్పాడు. అంతటితో వదిలేశారు. గెలిచిన జట్టు కీపర్‌కు వికెట్ కొనుక్కోవాల్సిన అవసరమేముంటుంది?

జట్టులో ఉన్నాడనే కంపెనీ సునీల్‌ను ఉద్యోగంలో ఉంచుకుంది. జట్టు తీసేశాక వీసా పొడిగించలేదు. సునీల్ ఎర్రగట్టుకు వచ్చేశాడు. సైదమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని ఒకే మాట అడిగింది.

"నేను తొక్కు పంపకపోతే గిదంత అయ్యేది కాదా బిడ్డా?"

తొక్కుకూ దానికీ సంబంధం లేదని సునీల్ చెప్పాడు. ఆమె నమ్మలేదు. ఆ ఏడాది ఇంట్లో తొక్కు పెట్టలేదు.

* * *

సునీల్ మొదట రిత్విక్ దగ్గరికే పోయాడు. సన్మానాల కోసం రిత్విక్ ఊళ్లోనే ఉన్నాడు. గేటు దగ్గర ఫోన్ తీసి పెట్టించుకున్నారు. లోపల రిత్విక్ ఒక్కడే ఉన్నాడు. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు.

సునీల్ సూటిగా అడిగాడు. నువ్వు దొంగవని చెప్పొద్దు, కావాలని అద్దుకున్నావని కూడా చెప్పొద్దు, మన గ్రౌండులో గట్ల ఒక రూల్ ఉన్నదని ఒక్కమాట రాసివ్వు చాలు అన్నాడు.

రిత్విక్ తెలివైనవాడు. ఆ ఒక్కమాటతో ఏమవుతుందో అప్పటికే లెక్క వేసుకుని ఉన్నాడు. రూల్ ఉందంటే, ఆ రూల్ తెలిసి, బంతి పడ్డదని తెలిసి అద్దుకున్నాడని అర్థం. బంతికి మొక్కుతున్నాడని దేశమంతా చూసిన ఆ భక్తి ఫొటో అబద్ధం ఫొటో అవుతుంది. ఇండియా జట్టు పగ్గాలు తన చేతికి రాబోతున్నాయని పేపర్లు రాస్తున్న సమయంలో.

"పడ్డదని నీకు తెలుసు కదరా?" అన్నాడు సునీల్.

"తెలుసు." రిత్విక్ తడుముకోలేదు. "అయితే ఏంది? బ్యాటుకు తగిలి కూడ కదలకుండ నిలబడేటోళ్లు ఎంతమంది లేరు? అంపైర్ చూడకపోతే ఔట్ కాదు. అంపైర్ చూడకపోతే క్యాచే. ఆడ ఆట గదే. నిన్ను పొమ్మన్నదెవరు?"

"నువ్వు అద్దుకున్నవు."

"నువ్వు అడిగితివి, అద్దుకుంటిని. అంత పెద్ద స్టేడియంల నిలబడి నువ్వింక మిల్లు గ్రౌండులనే ఆడుతున్నవని నాకేం తెలుసు?"

సునీల్ చాయ్ ముట్టుకోకుండా లేచాడు. గేటు దాకా రిత్విక్ తోడు వచ్చాడు. మస్కట్ పోతే పోయింది, హైదరాబాద్‌లో ఏదైనా పని చూపిస్తా, ఫికర్ చేయొద్దు అన్నాడు. నిజంగానే అన్నాడు. అదే సునీల్‌ను ఎక్కువ కోసింది.

* * *

ఇక మిగిలింది ఊరు. పేరు పేరునా చెప్పగలిగేవాళ్లు ఊళ్లో రెండొందల మంది ఉన్నారు. సునీల్ మొదట విజేందర్ దగ్గరికి పోయాడు. ముగ్గురూ ఒకే జట్టులో ఆడినవాళ్లు. విజేందర్ ఇప్పుడు కొల్లాపూర్‌లో టైర్ల దుకాణం నడుపుతున్నాడు, ఎండాకాలం ఊరి జట్టుకు కెప్టెన్. విజేందర్ జాకీ దించి, చేతులు తుడుచుకుని, నేల చూస్తూ మాట్లాడాడు. మిల్లు గ్రౌండుకు స్టేడియం వస్తోంది. నర్సింహ పటేల్ జాగా రాసిస్తున్నాడు, రిత్విక్ పేరు చెప్పి సర్కారు నుంచి పని మంజూరు చేయిస్తున్నాడు. పచ్చగడ్డి, మెట్లు, లైట్లు. ఊరి పోరగాళ్లు ఇరవై ఏళ్లుగా రాళ్ల మీద పడి మోకాళ్లు పగలగొట్టుకుంటున్నారు. ఇప్పుడు రిత్విక్ పేరు చెడిపోతే స్టేడియం ఎవరిస్తారు?

"మైసయ్య కాకనడుగు. రూల్ పెట్టింది ఆయన," అన్నాడు చివరికి.

మైసయ్య గ్రౌండులో సున్నంతో గీతలు గీస్తున్నాడు. సునీల్ చెప్పిందంతా విన్నాడు. చేతిలో పని ఆపలేదు. గీత క్రీజు దాకా వచ్చాక, వస్తాను, చెప్తాను అన్నాడు. నేను పెట్టిన రూల్ లేదని నేనెట్ల అంట అన్నాడు. ఆ మాటతో సునీల్ చాలా రోజుల తర్వాత ఇంటికి పోయి కడుపు నిండా తిన్నాడు.

విచారణ వీడియోలో పెట్టారు. పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కుర్చీలు వేశారు. తెర మీద ముగ్గురు అధికారులు, ఒక మూల చిన్న చదరంలో శ్రీదేవి అనే దుబాసీ. హైదరాబాద్ నుంచి మాట్లాడుతోంది. తెలుగులో చెప్పింది వాళ్లకు, వాళ్లు చెప్పింది తెలుగులో వీళ్లకు చెప్పడం ఆమె పని.

మైసయ్య వచ్చాడు. ఒక్కడే రాలేదు. పక్కన నర్సింహ ఉన్నాడు, వెనక విజేందర్, ఇంకో నలుగురు పెద్దమనుషులు. మైసయ్య కొత్త ఖాకీ చొక్కా వేసుకున్నాడు. దాని జేబు మీద ఇంకా కట్టని స్టేడియం పేరు కుట్టి ఉంది. ఆ చొక్కా చూడగానే సునీల్‌కు సంగతి అర్థమైంది. అయినా ఆశ చావలేదు.

అధికారి అడిగాడు. మీ గ్రౌండులో పట్టినవాడు బంతిని కళ్లకద్దుకుంటే బ్యాటర్ వెళ్లిపోవాలనే ఆచారం ఉందా? శ్రీదేవి తెలుగులో చెప్పింది.

మైసయ్య తెర వైపు చూడలేదు, సునీల్ వైపూ చూడలేదు. గోడ మీది క్యాలెండర్‌ను చూస్తూ చెప్పాడు.

"అసొంటిదేం లేదు మేడం. అంపైర్లు ఉంటరు. ఆల్లు చెప్పిందే రూల్."

ఒక్కొక్కరినీ అడిగారు. ఒక్కొక్కరూ అదే చెప్పారు. విజేందర్ తన వంతు వచ్చినప్పుడు గొణిగాడు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఇంకేమైనా చెప్పుకుంటావా అని అధికారి సునీల్‌ను అడిగాడు. సునీల్ జేబులోంచి టెన్నిస్ బంతి తీశాడు. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నది. దాన్ని బల్ల మీద మైసయ్య ముందు పెట్టాడు.

"కాకా, రూల్ లేదంటివి కదా. ఈ బాల్ కండ్లకద్దుకొని గదే మాట అను. ఇగ నేను ఎవ్వల్ని ఏం అడగ."

మైసయ్య చేతులు బల్ల కిందికి పోయాయి. బంతి కొంచెం దొర్లి ఆగింది. నర్సింహ గొంతు సవరించుకున్నాడు. మైసయ్య చేతులు పైకి రాలేదు. సునీల్ బంతిని విజేందర్ ముందుకు జరిపాడు. విజేందర్ తల పక్కకు తిప్పుకున్నాడు. పెద్దమనుషుల్లో ఒకరు కుర్చీ వెనక్కి లాక్కున్నారు, బంతి కాలిన బొగ్గు అయినట్టు.

"చూడుండ్రి," సునీల్ తెర వైపు తిరిగి అన్నాడు. "ఒక్కరు ముట్టుకుంటలేరు. రూల్ లేకపోతే ముట్టుకోనీకి ఏమైతది? సార్‌కు చెప్పుండ్రి మేడం. ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలె?"

శ్రీదేవికి సంగతి అర్థమైంది. ముఖంలో కనపడింది. కానీ ఆమె పని మాటలు చెప్పడం, ముఖాలు చదివి చెప్పడం కాదు. అతను సాక్షులను ఒక బంతి ముట్టుకోమంటున్నాడని, వాళ్లు ముట్టుకోవడం లేదని, అదే సాక్ష్యమంటున్నాడని వాళ్లకు చెప్పింది.

అధికారులు ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యలో ఉన్నతను కళ్లజోడు తీసి, సాక్షి ఆచారం ఉందంటున్నాడా లేదంటున్నాడా, ఆ ఒక్కటి చెప్పమన్నాడు. శ్రీదేవి మళ్లీ అడిగింది.

"లేదు," అన్నాడు మైసయ్య. చేతులు బల్ల కిందే ఉన్నాయి.

సునీల్‌కు అయిదేళ్ల నిషేధం పడింది. గుర్తింపు ఉన్న ఏ పోటీలోనూ ఆడకూడదు. గుర్తింపు ఉన్న ఏ గ్రౌండులోకీ అడుగు పెట్టకూడదు.

* * *

తర్వాతి మామిడికాలానికి స్టేడియం తయారైంది. జిల్లా సంఘం గుర్తింపు కూడా వచ్చింది. అందుకని ప్రారంభం రోజు సునీల్‌ను గేటు దగ్గరే ఆపేశారు. ఆపినవాడు మైసయ్య కొడుకు. కొత్త యూనిఫారం వేసుకుని, ఏమనుకోకన్నా, కాగితం వచ్చింది అన్నాడు. సునీల్ ఏమీ అనుకోలేదు. అతనికి ఆట చూడాలని కూడా లేదు. తండ్రితో కలిసి నర్సింహ తోటలో కాయ ఎక్కించుకుని వస్తున్నాడు. ఆ ట్రాక్టరు కొల్లాపూర్ మార్కెట్‌కు పోయే తోవ స్టేడియం పక్క నుంచే. గేటు ముందు కార్లు అడ్డం ఉండడంతో ట్రాలీ కదలలేదు. పెద్దులు ట్రాక్టరు ఆపి బీడీ వెలిగించుకున్నాడు. సునీల్ ట్రాలీ మీద మామిడి పెట్టెల పైన కూర్చున్నాడు. అక్కడి నుంచి ప్రహరీ గోడ మీదుగా గ్రౌండంతా కనిపిస్తోంది.

లోపల సరదా మ్యాచ్. ఒకవైపు ఊరి జట్టు, ఇంకోవైపు రిత్విక్ వెంట వచ్చిన హైదరాబాద్ దోస్తులు. టెన్నిస్ బంతే. పాత రోజులు గుర్తుకు రావాలని రిత్విక్కే అడిగాడట. మైసయ్య తెల్ల టోపీ పెట్టుకుని అంపైర్‌గా నిలబడ్డాడు. వేదిక మీద నర్సింహ, ఆయన భార్య నిర్మలమ్మ, మంత్రి, పూలదండలు. మెట్ల మీద ఊరంతా ఉంది.

రిత్విక్ బ్యాటింగ్‌కు వచ్చాడు. రెండు సిక్సర్లు కొట్టాడు, జనం ఊగిపోయారు. మూడోది గాల్లోకి లేచి కిందికి జారింది. విజేందర్ ఉరికొచ్చి, ముందుకు పడి, నేలకు వేలెడు ఎత్తులో పట్టాడు. ట్రాలీ మీది నుంచి సునీల్‌కు శుభ్రంగా కనిపించింది. మంచి క్యాచ్. విజేందర్ జీవితంలో అంత మంచి క్యాచ్ పట్టలేదు.

రిత్విక్ కదలలేదు. పడ్డదని చేత్తో సైగ చేశాడు.

విజేందర్ లేచి మట్టి దులుపుకున్నాడు. ఆలోచించి చేసిన పని కాదు. చిన్నప్పటి నుంచి చేతులకు అలవాటైన పని. బంతిని ఎత్తి రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

మెట్ల మీది గోల ఆగిపోయింది. ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఇప్పుడు ఏం జరగాలో. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

రిత్విక్ బ్యాటు మీద చేతులు ఆనించి నవ్వాడు. కొత్తగా పెట్టిన మైకులో అతని మాట గ్రౌండంతా వినిపించింది.

"అన్నా, గసొంటి రూల్ ఏం లేదని మీరే చెప్పిండ్రు కదనే."

మెట్ల మీద ఎవరూ నవ్వలేదు. నర్సింహ ఒక్కడు నవ్వాడు, తర్వాత వేదిక మీదివాళ్లు నవ్వారు. విజేందర్ మైసయ్య వైపు తిరిగాడు. ఊరంతా మైసయ్య వైపే తిరిగింది. ముసలాయన వేదికను చూశాడు, రిత్విక్‌ను చూశాడు, తన జేబు మీద కుట్టిన పేరును చూసుకున్నాడు. బంతి గాల్లో ఉండగా ఎటు చూస్తున్నాడో గానీ, అద్దుకున్న తర్వాత చూడాల్సిన పని లేదని ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

"కనబడలేదు," అన్నాడు మైసయ్య. "నాటౌట్."

విజేందర్ చేతిలోని బంతిని వదిలేశాడు. అది దొర్లుకుంటూ బౌండరీ దాకా పోయింది. ఎవరూ వెళ్లి తీసుకోలేదు. అతను తిరిగి గోడవైపు చూశాడు. ట్రాలీ మీద కూర్చున్న సునీల్ కనిపించాడు. విజేందర్ పెదవులు కదిలాయి. ఏం చెప్పాడో అంత దూరం వినిపించలేదు. సునీల్ వినడానికి ప్రయత్నించలేదు కూడా.

గేటు ముందు కార్లు పక్కకు జరిగాయి. పెద్దులు బీడీ పారేసి ట్రాక్టరు ఎక్కాడు.

"ఔటేనారా?" అడిగాడు వెనక్కి తిరక్కుండానే.

"నాటౌటంట."

"అద్దుకున్నడు కదా?"

కుదుపుకు ఒక కాయ పెట్టెలోంచి దొర్లి ట్రాలీ అంచుకు పోతోంది. సునీల్ దాన్ని కింద పడకుండా పట్టుకుని దుమ్ము తుడిచాడు. చేతులు వాటంతట అవే కళ్లవైపు లేచాయి. సగంలో ఆపి, కాయను మళ్లీ పెట్టెలో వేశాడు.